లెమూయేలు తల్లి, దూబగుంట తల్లులు



కొన్ని వారాల క్రితం ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరి అందరూ వెళ్ళేదాకా ఆగి మా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుకు పదో తరగతి చదువుతున్నాడు. "అయ్యగారూ, నిన్న వాడి చొక్కా ఉతుకుతుంటే వాసన వచ్చింది" అంది. ఏం వాసన అని మేము అడగలేదు. ఇరవై ఏళ్ళుగా భర్త చొక్కాలు ఉతుకుతున్న మనిషికి ఆ వాసన ఒకరు చెప్పాలా? భర్త కోసం ఆమె గుడిలో చాలాసార్లు ఏడ్చింది. ఆ రోజు మాత్రం ఏడవలేదు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని మాత్రం అడిగింది. ఈ సంగతి రాసుకోవచ్చా అని ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాము.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ సామెతల గ్రంథం 31వ అధ్యాయం తెరిచాము. మనందరికీ తెలిసిన అధ్యాయమే. పెళ్ళిళ్ళలో చదువుతాము. స్త్రీల కూడికల్లో గుణవతి గురించి ప్రసంగిస్తాము. కానీ మా పాత ప్రసంగాల నోటుపుస్తకాలు తిరగేస్తే ఒక విషయం సిగ్గుగా అనిపించింది. ఎప్పుడు బోధించినా 10వ వచనం నుంచే మొదలుపెట్టాము. అంతకు ముందున్న తొమ్మిది వచనాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆ తొమ్మిదీ ఎవరి మాటలు? ఒక తల్లి తన కొడుక్కి నేర్పిన మాటలు. కొడుకు పేరు లెమూయేలు. తల్లి పేరు గ్రంథంలో లేదు. రాజు కాబోయే కొడుకును కూర్చోబెట్టి ఆమె మద్యం గురించి హెచ్చరిస్తుంది. తాగిన రాజు చట్టాన్ని మరిచిపోతాడని, దిక్కులేనివాళ్ళకు దక్కాల్సిన న్యాయాన్ని తారుమారు చేస్తాడని ఆమె భయం. మద్యం చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ కోసం అని ఆమె అన్న మాటను పట్టుకుని, మా కష్టాలకు అది మందు అనేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు ఆ వెంటనే వచ్చే మాట కూడా చదవాలి. నోరులేనివాళ్ళ తరఫున నోరు తెరవమని ఆ తల్లి కొడుక్కి ఆజ్ఞ ఇస్తుంది. మద్యం మానమన్న మాటా, బలహీనుల పక్షాన మాట్లాడమన్న మాటా ఆమె నోట ఒకే పాఠంగా వచ్చాయి.

ఈ పాఠం మేము బైబిలులో చదవకముందే కళ్ళారా చూశాము. ఆ చరిత్ర మన సంఘంలోని పిల్లలకు తెలియదు. పెద్దలు మరిచిపోతున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాము.

మేము నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు పల్లెలో పెరిగాము. జిల్లా అనగానే పెన్నా కింద మాగాణి, వరి చేలు గుర్తొస్తాయి. మాది ఆ నెల్లూరు కాదు. వాన పడితే పంట, లేకపోతే కూలి. 1990 ప్రాంతంలో మాకు పదేళ్ళు. మా ఈడు పిల్లలకు పెద్దవాళ్ళు మొదట అప్పజెప్పే పని సారా తేవడం. సాయంత్రం నాయన చేలోంచి రాగానే "అబ్బయా, పోయి రెండు ప్యాకెట్లు తే" అనేవాడు. మేము పరుగెత్తేవాళ్ళం. ప్యాకెట్టు మూల కొరికి ఇస్తే పెదవికి తడి తగిలేది. అలా మొదలైన నాలుకలు మా గుంపులో చాలా ఉన్నాయి.

ఆ పల్లెల్లో పిల్లలు ఎదిగే తీరు వేరుగా ఉండేది. అంగడి దగ్గర పడిపోయిన నాయనను ఇంటికి ఎలా తీసుకురావాలో ఎనిమిదేళ్ళకే తెలిసేది. అమ్మ కూలిడబ్బులు ఏ కుండలో దాస్తుందో, నాయన అడిగితే ఏ అబద్ధం చెప్పాలో తెలిసేది. ఆడపిల్లలు చెల్లెళ్ళను తీసుకుని పక్కింట్లో పడుకునే రాత్రులు ఉండేవి. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని వాళ్ళకు తొందరగా పెళ్ళిళ్ళు చేసేవారు. మగపిల్లవాడు బడి మాని గొడ్ల వెంట పోయేవాడు. వాడికి మీసం వచ్చే వేళకు తిరునాళ్ళలోనో చావింట్లోనో ఒక పెద్దాయన గ్లాసు అందించి "మొగోడివి కాదంట్రా?" అనేవాడు. మాకు తెలిసిన మగతనానికి గుర్తు ఆ గ్లాసు ఒక్కటే.

ఇది మా నాయనల బలహీనత మాత్రమే అనుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు. వెనక ఒక ఏర్పాటు ఉంది. ఏటా ప్రభుత్వం సారా అమ్ముకునే హక్కును వేలం వేసేది. ఎక్కువ పాడిన కాంట్రాక్టరుకు ఆ ప్రాంతం దక్కేది. పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే సారా ఎక్కువ తాగించాలి. అందుకే అంగడి ఊరి బయట ఆగలేదు. పల్లెలోకి, వీధిలోకి, ఇంటి గడపకు వచ్చింది. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా సరఫరా చేసింది. బియ్యం కోసం రేషన్ అంగడి ముందు నిలబడాలి, సారా మాత్రం నడిచి ఇంటికి వస్తుంది అని ఆడవాళ్ళు అనుకునేవారు. ఖజానాకు సారా నుంచి ఏటా వందల కోట్లు చేరేవి. అందులో మా అమ్మల కూలి ఎంతుందో ఎవరూ లెక్కగట్టలేదు. మన రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వానికి చెబుతుంది. ఆ మాట పుస్తకంలో ఉంది. ప్యాకెట్టు మా చేతిలో ఉంది.

అప్పుడే అక్షరాలు వచ్చాయి. జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. 'అక్షరదీపం' పేరుతో పల్లెపల్లెనా రాత్రి బడులు పెట్టారు. పగలంతా కలుపు తీసిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు దగ్గర పలకలు పట్టుకుని కూర్చునేవారు. ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు. మా అమ్మ కూడా వెళ్ళేది. అక్షరాలు రాసేటప్పుడు ఆమె వేళ్ళు కొడవలి పట్టినట్టే బలపాన్ని పట్టేవి. మేము పక్కన కూర్చుని ఒత్తులు చూపించేవాళ్ళం. తల్లికి కొడుకు చదువు చెప్పడం మాకు ఆటగా ఉండేది.

ఆ చదువు పుస్తకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. తాగుబోతు భర్తతో బాధలు పడే ఒక పల్లెటూరి స్త్రీ, ఆమెతో చేరిన ఊరి ఆడవాళ్ళు, మూతపడిన సారా అంగడి. ఇంతే కథ. ఆ పాఠం చదివిన రాత్రి బడిలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. చదువు రాని ఆడవాళ్ళకు పుస్తకం అంటే పెద్దవాళ్ళ ఇళ్ళ సంగతి. ఆ రాత్రి పుస్తకంలో వాళ్ళ ఇల్లు కనబడింది. "ఇంకోసారి చదువు" అని అమ్మ మమ్మల్ని అడిగింది. చదివాము. అప్పుడు పక్కనున్న అవ్వ ఒకటే మాట అంది: "అయితే ఇది మన ఒక్క ఊళ్ళోదే కాదన్నమాట."

మా ఊరికి కొంత దూరంలో కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్ళు పాఠాన్ని చదివి ఊరుకోలేదు. మొదట ఊరి పెద్దలను అడిగారు. ఫలితం లేదు. తర్వాత వాళ్ళే దారికి అడ్డంగా నిలబడ్డారు. కల్లు బండిని ఆపి కల్లు పారబోయమన్నారు. నష్టం వస్తుందంటే తలా ఒక రూపాయి వేసి ఇస్తామన్నారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగండి, ప్రియులారా. వాళ్ళ పోరాటం ఆ కల్లు బండివాడి కడుపు మీద కాదు. తమ పిల్లల కడుపు కోసం. ఒక్కో రూపాయి విలువ బాగా తెలిసిన ఆడవాళ్ళు ఎదుటివాడి నష్టాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. తర్వాత సారా ప్యాకెట్లతో జీపు వస్తే చుట్టుముట్టి ఆపేశారు. కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. దూబగుంటలో సారా అంగడి మూతపడింది.

ముందు నిలిచినవాళ్ళలో వర్ధినేని రోశమ్మ గారు ఒకరు. ఆ తర్వాత ఆమెను రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మగానే పిలిచింది. 2016లో ఆమె కన్నుమూశారు. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పేరుతో తర్వాతి చదువు పుస్తకంలో పాఠమైంది. ఒక కథ చదివి ఒక ఊరు కదిలింది. ఆ ఊరు చేసింది మళ్ళీ కథై వందల ఊళ్ళను కదిలించింది.

1992 నాటికి అది ఒక ఊరి సంగతిగా మిగల్లేదు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్ళు వీధిలోకి వచ్చారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. 1992 ఆగస్టు, సెప్టెంబరుల్లో నెల్లూరులో సారా వేలం పాటను అడ్డుకోవడానికి పల్లెల నుంచి తరలివెళ్ళారు. పాట పదేపదే వాయిదా పడింది. పత్రికలు రోజూ రాశాయి. ఉద్యమం రాయలసీమకు, తెలంగాణకు, కోస్తా జిల్లాలకు పాకింది.

మేము పన్నెండేళ్ళ పిల్లలం. మాకూ ఒక పని దొరికింది. ఊరి మొదట్లో చింతచెట్టెక్కి కూర్చుని, జీపు దుమ్ము కనబడితే ఈల వేయడం. అంతకు ముందు అంగడికి పరుగెత్తిన కాళ్ళే ఇప్పుడు అమ్మల దగ్గరకు పరుగెత్తేవి. పెద్దవాళ్ళం అవుతున్నాము అని మాకు మొదటిసారి అనిపించింది ఆ చెట్టు మీదే. గ్లాసు పట్టకుండానే ఊరికి పనికొచ్చాము.

ఇక్కడ ఒక ఒప్పుకోలు రాయాలి. ఆ రోజుల్లో మా పల్లెలో చిన్న ప్రార్థన గుడిసె ఉండేది. ఊరి ఆడవాళ్ళు అడ్డం నిలబడుతుంటే మాలోని పెద్దలు "లోకపు గొడవలు మనకెందుకు, ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన చేశారు కూడా. కానీ మా అమ్మతో సహా నలుగురైదుగురు స్త్రీలు ప్రార్థన ముగించి, చీపురు తీసుకుని వెళ్ళారు. ఎవరు ఎక్కువ ప్రార్థించారో దేవునికే తెలుసు. నోరులేనివాళ్ళ కోసం నోరు తెరవమన్న తల్లి మాటకు ఎవరు లోబడ్డారో మాత్రం మాకు తెలుసు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఆ వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలయింది. వారుణి వాహిని తెచ్చిన పాలనే పదేళ్ళు తిరిగేసరికి నిషేధం తెచ్చింది. పాలకుల మనసు మార్చింది రాత్రి బడిలో పలక పట్టిన చేతులే.

ఆ ఏళ్ళలో మా ఇంట్లో జరిగిన మార్పు చిన్నదే. రాత్రి నాయన మాతో కలిసి అన్నం తిన్నాడు. ఆయనకు పప్పులో మామిడికాయ ఇష్టమని మాకు అప్పుడే తెలిసింది. అంతవరకు ఆయన ఏం తినేవాడో, ఏమైనా తినేవాడో మేము చూసింది లేదు.

కానీ ప్రియులారా, చరిత్ర అక్కడ ఆగలేదు. సరిహద్దులు దాటి మద్యం దొంగదారిన వచ్చింది. నాటుసారా కాచేవాళ్ళు పెరిగారు. ఖజానాకు నష్టమన్నారు. 1997లో చంద్రబాబునాయుడు గారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసింది. ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది.

తేదీలు ఒకసారి లెక్కవేయండి. 1992లో చింతచెట్టెక్కిన పిల్లలకు పన్నెండేళ్ళు. 1997లో పదిహేడు. సరిగ్గా మాకు మీసాలు వచ్చే ఏటికి మా అమ్మలు కట్టిన కంచెను తీసేశారు. ఆ చెట్టు మీద కూర్చున్నవాళ్ళం ఏడుగురం. ఇద్దరు నలభై నిండకముందే తాగుడుతో పోయారు. ఒకడు ఈల వేయడంలో మా అందరికన్నా గట్టివాడు. వాడి సమాధి కూటంలో ప్రార్థన చేసింది మేమే. ఏం ప్రార్థించామో ఇప్పుడు గుర్తులేదు. వాడి కొడుకు మట్టి వేయడానికి భయపడి మా చెయ్యి పట్టుకోవడం మాత్రం గుర్తుంది.

మరి అమ్మల శ్రమ వ్యర్థమా? చాలా ఏళ్ళు మేము ఈ ప్రశ్నతో కుస్తీపట్టాము. ఇప్పుడు మాకు అర్థమైనది ఇది. చట్టం కంచెలాంటిది. కంచె కావాలి. అది లేనప్పుడు ఎంత నాశనమైందో చూశాము, ఉన్నప్పుడు ఎంత మేలైందో కూడా చూశాము. కానీ కంచె వేసిన చెయ్యే దాన్ని తీసేయగలదు. లెమూయేలు తల్లి ఆజ్ఞను కొడుకు చెవిలో వేసింది. అతడు పెద్దవాడై దాన్ని మరిచిపోలేదు కాబట్టే ఆ మాటలు మన చేతికి వచ్చాయి. మిగిలిన ఐదుగురం ఎందుకు నిలబడ్డామని అడిగితే, మేము వాళ్ళకన్నా మంచివాళ్ళం అని చెప్పలేము. మాలో ఒక్కొక్కరికి, కంచె పోయాక కూడా పక్కన కూర్చుని మాట్లాడిన మనిషి ఒకరు దొరికారు. ఒకడికి పంతులుగారు, ఒకడికి మేనమామ, మాకు మా అమ్మ. పోయిన ఇద్దరికీ ఆ వయసులో గ్లాసు అందించినవాళ్ళు దొరికారు. గ్లాసు అందించినవాడికి వాళ్ళ కోసం తీరిక ఉంది. మనకు లేకపోయింది.

అందుకే ఆ సహోదరి ప్రశ్నకు జవాబు మనమందరం కలిసి ఇవ్వాలి. ఈ వారం నుంచి మన సంఘంలో నాలుగు పనులు మొదలుపెడదామని కోరుతున్నాము.

మొదటిది, ఏ బిడ్డ చేతా మద్యం తెప్పించవద్దు. సీసా కోసం పంపిన నాడే పాఠం మొదలైనట్టు.

రెండోది, మన పెళ్ళిళ్ళలో, చావుల్లో, క్రిస్మస్ పూట ఇంటి వెనక జరిగే మర్యాదలు ఆపుదాం. గుడిలో మానమని చెప్పి దొడ్లో పోసి ఇస్తే పిల్లలు ఏది నమ్మాలి?

మూడోది, తాగేవాళ్ళను వేదిక మీద నుంచి ఎత్తిపొడవడం ఇక ఉండదు. ఆ తప్పు మేమూ చేశాము, క్షమించండి. తాగుడు పాపమని ఎంతకాలం చెప్పామో, అది రోగం కూడా అని అంతకాలం చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మానాలనుకున్న సహోదరుణ్ణి ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళదాం. ప్రార్థన మానవద్దు, మందులూ మానవద్దు. తోడుగా రావడానికి మేము సిద్ధం.

నాలుగోది, బుధవారం రాత్రి గుడి తెరిచి ఉంటుంది. ఏడో తరగతి నుంచి ఇంటరు దాకా చదివే పిల్లలు, ఆడా మగా, రావచ్చు. చదువుకోవచ్చు, అన్నం తినవచ్చు, ఇంట్లో గొడవగా ఉంటే ఊరికే కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. చెప్పాలనిపిస్తే వినడానికి పెద్దవాళ్ళు ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. ఆనాడు రాత్రి బడి లాంతరు కింద ఒక జిల్లా మేలుకుంది. మన గుడిలో కరెంటు దీపమే ఉంది.

ఇది చదువుతున్న పిల్లలకు ఒక మాట. మీ నాయన తాగడం మీ తప్పు కాదు. మీరు మంచి మార్కులు తెచ్చుకోలేదని ఆయన తాగడం లేదు. మీరు ప్రార్థన మరిచిపోయినందుకు తాగడం లేదు. ఆయన దారి మీ నుదుటి రాత కూడా కాదు. గ్లాసు అందించి మొగోడివా అని అడిగేవాడితో, మా ఊరి చింతచెట్టు కథ చెప్పండి.

ఆ సహోదరి కొడుకు పోయిన బుధవారం వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మేము గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చాము. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. ఈ వారం మళ్ళీ వస్తాడేమో తెలియదు. మేము మాత్రం ఉంటాము. మీలో ఎవరు వస్తారో చెప్పండి.

నోరులేని చిన్నవాళ్ళ కోసం నోరు తెరిచే ధైర్యం ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.